పుట్టబోయే బిడ్డకు ఉతికిన గుడ్డలు సిద్ధం చేసుకోండి



ఇంట్లో కోడలికో, కూతురికో నెలలు నిండుతున్నాయంటే ఎంత సందడిగా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. సీమంతం చేస్తాం, గాజులు తొడుగుతాం. కాన్పు ఏ ఆసుపత్రిలో చేయించాలి, తోడు ఎవరు వెళ్లాలి అని మాట్లాడుకుంటాం. ఇవన్నీ చెయ్యవలసిన పనులే. వీటితోపాటు మరొక చిన్న పని ఉంది. దానికి పెద్ద ఖర్చు లేదు, ఒక రోజులో అయిపోతుంది. పుట్టబోయే బిడ్డకు కావలసిన గుడ్డలు ముందుగానే ఉతికి, ఎండబెట్టి, మూట కట్టి ఉంచడమే ఆ పని.

"బట్టలుతకడం కూడా మాకు నేర్పాలా?" అని మీలో కొందరు నవ్వుకోవచ్చు. ఉతకడం మీకు బాగా తెలుసు. కాని కొత్త బట్టను ఎందుకు ఉతకాలి, దేనితో ఉతకాలి, ఎక్కడ ఆరవెయ్యాలి, ఎందులో దాచాలి అనే నాలుగు విషయాల్లో చాలా ఇళ్లల్లో పొరపాట్లు జరుగుతున్నాయి. అందులో ఒక పొరపాటు బిడ్డ ప్రాణం మీదికే తెస్తుంది. అందుకే ఈ నాలుగు మాటలు చెబుతున్నాను. భార్యాభర్తలిద్దరూ కలిసి వినండి.

కొత్త బట్ట శుభ్రమైన బట్ట కాదు

అంగడి నుంచి తెచ్చిన చిన్న చొక్కా చూడటానికి తళతళలాడుతూ ఉంటుంది. మడత నలగలేదు, మరక లేదు. దీన్ని ఉతకడం ఎందుకు, బిడ్డకు నేరుగా తొడిగేస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. కాని ఆ చొక్కా మీ చేతికి వచ్చేముందు ఎక్కడెక్కడ తిరిగిందో ఆలోచించండి.

మగ్గం మీద నేసే గుడ్డ అయితే పడుగు నూలు తెగిపోకుండా గంజి పెడతారు. చీరాలలో గాని, పోచంపల్లిలో గాని, మంగళగిరిలో గాని నేతపనివారు చేసేది ఇదే. మిల్లు గుడ్డకైనా ఇలాంటి పూత ఉంటుంది. ఆ తరువాత రంగు వేస్తారు. కొన్ని బట్టలకు ముడతలు పడకుండా, మెరుపు పోకుండా మందులు కూడా పట్టిస్తారు. అటుపైన కత్తిరించేవారు, కుట్టేవారు, గుండీలు వేసేవారు, మడతలు పెట్టేవారు, అమ్మేవారు అందరి చేతులూ పడతాయి. గోదాములో దుమ్ము, బొద్దింకలు, ఎలుకలు ఉండనే ఉంటాయి. సంతలో అయితే రోడ్డు దుమ్ము అంతా దాని మీదే.

మన ఒంటికి ఇది పెద్ద లెక్కలోనిది కాదు. కాని పసిబిడ్డ చర్మం మన చర్మం కంటే పలచన. మనకు పట్టని మందు దానికి పడుతుంది. మనకు గుచ్చుకోని గంజి బట్ట దానికి ఒరుసుకుంటుంది. మెడ మడతల్లో, చంకల్లో, గజ్జల్లో ఎర్రబారి దద్దుర్లు లేస్తాయి. పైగా బిడ్డ ఊరుకోదు, చొక్కా చేతిని నోట్లో పెట్టుకుని చీకుతుంది. బట్టకున్న రంగు, దుమ్ము, గంజి అన్నీ నోట్లోకే పోతాయి. కాబట్టి కొత్త బట్ట ఎంత ఖరీదైనదైనా, ఎవరు తెచ్చినదైనా, ఒకసారి ఉతికి ఆరవేసిన తరువాతే బిడ్డకు తొడగాలి.

ఆసుపత్రిలో ఇచ్చిన బట్టలకు కూడా ఇదే వర్తిస్తుంది. తెలంగాణలో 2017లో మొదలైన కేసీఆర్ కిట్‌లో బిడ్డకు బట్టలు, దోమతెర, సబ్బు వంటివి పెట్టి ఇచ్చారు. అలా ఏ కిట్టు అందినా సంతోషంగా తీసుకోండి. అందులోని బట్టలు ఇంటికి తెచ్చి, ఉతికి వాడుకోండి.

ముందుగా సిద్ధం చేస్తే అరిష్టమా?

ఇక్కడొక చిక్కు ఉంది. "బిడ్డ భూమ్మీద పడకముందే బట్టలు కొనకూడదు, కీడు జరుగుతుంది" అని మన పెద్దలు అంటారు. పెద్దల మాటను నేను ఎగతాళి చెయ్యను. వెనకటి రోజుల్లో పుట్టిన బిడ్డ దక్కుతుందో లేదో అన్న భయం ప్రతి ఇంట్లోనూ ఉండేది. ఆశ పెట్టుకుని అన్నీ అమర్చుకున్నాక బిడ్డ దక్కకపోతే ఆ బట్టలు చూసి తల్లి కుమిలిపోయేది. ఆ బాధలోంచి పుట్టిన మాట కావచ్చు అది.

అదే పెద్దలు మరొక మంచి మాట కూడా చెప్పారు: బిడ్డకు మొదట పాత గుడ్డే చుట్టాలి అని. అమ్మమ్మ పాత నూలు చీర, తాతయ్య పాత పంచె ఎన్నోసార్లు ఉతికి ఉతికి వెన్నలా మెత్తబడి ఉంటాయి. వాటిలో గంజి మిగలదు, విడిచే రంగు మిగలదు. ఇది నిజంగా తెలివైన ఆచారం. కాబట్టి కొత్తవి కొనడానికి మనసు ఒప్పకపోతే కొనకండి. పాత నూలు చీర ఒకటి, పంచె ఒకటి తీసి, చింపి, ఉతికి పెట్టుకోండి. దానికి ఏ శాస్త్రమూ అడ్డురాదు. బారసాలకు కొత్తవి కొంటే, తొడిగే రోజుకు రెండు రోజుల ముందు ఉతికి ఆరవేసుకోవచ్చు.

ఏదీ చెయ్యకుండా కూర్చోవడమే అసలు ప్రమాదం. ఒక ఇల్లాలికి ఎనిమిదో నెలలోనే అర్ధరాత్రి నొప్పులు మొదలయ్యాయనుకోండి. 108కి ఫోను చేస్తారు. బండి వచ్చేలోగా చేతికందిన గుడ్డలేవో సంచిలో కుక్కుతారు. తలుపు వెనక వేలాడే తువ్వాలు, మంచం మీది దుప్పటి, పొలానికి కట్టుకుపోయిన పంచె. నెలలు నిండకుండా పుట్టిన ఆ బిడ్డకు, వెచ్చదనం నిలుపుకునే శక్తి లేని ఆ చిన్న ఒంటికి, చుట్టేది ఆ మాసిన గుడ్డలే. 37 వారాలు నిండకుండా పుట్టే బిడ్డలు ఎందరో ఉంటారు. అందుకే ఏడో నెల దాటగానే మూట సిద్ధంగా ఉండాలి.

తొలి కాన్పుకు అమ్మాయి పుట్టింటికి వెళుతుంది గనుక మూట ఆ ఇంట్లో ఉండాలి. మలి కాన్పు అత్తవారింట్లో అయితే అత్తగారూ, భర్తా గుర్తుపెట్టుకోవాలి. "వాళ్లు చేస్తారులే" అని వీళ్లూ, "వీళ్లు చూస్తారులే" అని వాళ్లూ ఊరుకోకండి.

ఏమేమి కావాలి?

పెద్ద జాబితా ఏమీ లేదు.

పొత్తిగుడ్డలు నాలుగైదు. ఒక్కొక్కటి గజం పొడవు, గజం వెడల్పు ఉంటే చాలు. పాత నూలు చీరలోంచి చింపుకోవచ్చు.

గోచీ గుడ్డలు రెండు డజన్లు. పసిబిడ్డ రోజుకు పది, పన్నెండు సార్లు తడుపుతుంది. వానాకాలమైతే ఆరడం ఆలస్యం, ఇంకొన్ని ఎక్కువే ఉంచుకోండి.

ముందు ముడి వేసుకునే జుబ్బాలు ఐదారు. గుండీలు, పూసలు, జరీ, తళుకులు లేనివి మంచివి. గుండీ ఊడితే నోట్లోకి పోతుంది, జరీ గీసుకుంటుంది.

కుల్లాయిలు రెండు, మేజోళ్లు రెండు జతలు, పల్చటి బొంతలు రెండు.

మేజోళ్లూ, చేతి సంచులూ వాడేవారు వాటిని లోపలివైపు తిరగేసి చూడండి. వేలాడే దారాలుంటే కత్తిరించెయ్యండి. సన్నని దారం బిడ్డ కాలివేలికి చుట్టుకుని బిగుసుకుంటే రక్తం ఆడక వేలు నల్లబడే ప్రమాదం ఉంది. బిడ్డ ఎందుకు ఏడుస్తున్నదో మనకు అంతుపట్టదు. అలాగే మెడ దగ్గర కుట్టిన గట్టి చీటీ ముక్కను విప్పేయండి. మొలతాడు కట్టే ఆచారం ఉంటే దాన్ని కూడా ఉతికి, వదులుగానే కట్టండి.

ఉతికే పద్ధతి

మొదట మీ చేతులు సబ్బుతో కడుక్కోండి. బకెట్టు, తొట్టి, ఉతికే బండ కూడా కడగండి. నిన్న అదే బండ మీద దేన్ని ఉతికామో గుర్తుండదు కదా.

పాత నూలు గుడ్డలను సబ్బుతో ఉతికి, తరువాత పెద్ద గిన్నెలో వేసి నీళ్లు తెర్లేదాకా కాచి, పది నిమిషాలు అలాగే ఉంచండి. ఇంట్లో ఎవరికైనా గజ్జి ఉంటే వాళ్లు వాడిన గుడ్డను బిడ్డకు ఎంచుకోకండి. గజ్జి పురుగు గుడ్డల ద్వారా కూడా పాకుతుంది.

కొత్త రంగు బట్టలను మరిగించనక్కర్లేదు. విడిగా ఒక బకెట్టులో కాసేపు నానవేసి చూడండి. నీళ్లకు రంగు దిగితే ఆ నీళ్లు పారబోసి మళ్లీ నానవెయ్యండి. రంగు ఆగేదాకా ఆ బట్ట బిడ్డకు పనికిరాదు.

సబ్బు మామూలు బట్టల సబ్బు చాలు, కుంకుడుకాయ రసమైనా సరే. ఘాటు వాసన వచ్చే పొడి, వాసన కోసం చివరి నీళ్లలో కలిపే మందు, నీలిమందు, గంజి ఇవేవీ వద్దు. గంజి వదిలించడానికే ఉతుకుతున్నాం, మళ్లీ గంజి పెట్టడం ఎందుకు?

అన్నిటికంటే ముఖ్యం జాడించడం. కనీసం మూడు నీళ్లలో జాడించండి. గుడ్డ పిండితే నురగ రాకూడదు, చేతికి జిడ్డుగా, జారుడుగా తగలకూడదు. మీ ఊరి బోరు నీళ్లు ఉప్పన అయితే సబ్బు సరిగా నురగ రాదు, గుడ్డలో తెల్లని మడ్డి పేరుకుని ఆరాక బిరుసెక్కుతుంది. అలాంటి చోట ఆఖరు జాడింపుకైనా మంచినీళ్లు వాడుకోండి. పశువులు దిగే చెరువులో, కుంటలో మాత్రం పసిబిడ్డ గుడ్డలు ఉతకకండి. బట్టల మిషను ఉన్నవారు బిడ్డ బట్టలు విడిగా వేసి, ఒకసారి అదనంగా నీళ్లు తిప్పుకోండి.

ఆరవేసే చోటు

బావి గట్టు మీద, కంచె మీద, గడ్డి మీద, మంచం పట్టె మీద ఆరవెయ్యకండి. నేల మీద మన్నూ, పశువుల పేడా, నులిపురుగుల గుడ్లూ ఉంటాయి. కంచె మీద వేస్తే ముల్లు విరిగి గుడ్డలోనే ఉండిపోతుంది. ఉతికిన పని అంతా వృథా అవుతుంది. దండెం కట్టి, దాన్ని తడిగుడ్డతో తుడిచి, మంచి ఎండలో ఆరవెయ్యండి. సూర్యుడి ఎండ పైసా ఖర్చు లేని మందు. తియ్యబోయే ముందు ఒక్కొక్క గుడ్డనూ రెండు చేతులతో పట్టుకుని దులపండి. చీమో, గొంగళి పురుగు నూగో ఉంటే రాలిపోతుంది.

పొద్దు గూకేలోగా బిడ్డ బట్టలు లోపలికి తెచ్చుకోవాలని పెద్దలు అంటారు. వాళ్లు చెప్పే కారణం ఏదైనా, మాట మాత్రం మంచిదే. సాయంత్రం దాటితే మంచు పడి గుడ్డ మళ్లీ చెమ్మగిల్లుతుంది, పురుగూ పుట్రా చేరతాయి.

వానాకాలంలో ఇంట్లోనే గాలి తగిలేచోట ఆరవేసి, చివర్లో ఇస్త్రీ చెయ్యండి. చెమ్మ గుడ్డ బిడ్డ ఒంటి వేడిని లాగేస్తుంది. పొయ్యి మీద వేలాడదీసి ఆరబెట్టడం వద్దు, నిప్పంటుకుంటుంది. సాంబ్రాణి పొగ పట్టించి బిడ్డకు తొడగడం కూడా మానండి. పొగ పసిబిడ్డ ఊపిరితిత్తులకు మంచిది కాదు.

కలరా ఉండలు వద్దే వద్దు

ఇప్పుడు చెప్పబోయేది బాగా గుర్తుపెట్టుకోండి. మొదట్లో ప్రాణం మీదికి తెస్తుందని చెప్పిన పొరపాటు ఇదే.

ట్రంకు పెట్టెలో, బీరువాలో పురుగు పట్టకుండా తెల్లని ఉండలు వేస్తాం. కలరా ఉండలు అంటాం. వాటిలో నాఫ్తలీన్ అనే మందు ఉంటుంది. అది గాలిలో కరిగి గుడ్డలకు పట్టేస్తుంది. అందుకే ఆ ఘాటు వాసన.

కొందరు బిడ్డలు పుట్టుకతోనే నెత్తురులో ఒక లోపంతో పుడతారు. దాన్ని డాక్టర్లు జీ6పీడీ లోపం అంటారు. ఇది తల్లిదండ్రుల నుంచి వస్తుంది. మగబిడ్డల్లో ఎక్కువగా బయటపడుతుంది. మన దేశంలోనూ ఉంది. పైకి చూస్తే బిడ్డ చక్కగానే ఉంటుంది, లోపం ఉన్నట్టు ఎవరికీ తెలియదు. అలాంటి బిడ్డను కలరా ఉండల వాసన పట్టిన గుడ్డలో చుట్టితే, ఆ మందు ఊపిరితోనూ, చర్మం ద్వారానూ లోపలికి పోతుంది. నూనె రాసిన ఒంటికి మరింత సులువుగా పడుతుంది. నెత్తురులోని ఎర్రకణాలు పగిలిపోతాయి. బిడ్డకు పసిరికలు ముదురుతాయి. పసుపు మెదడుకు ఎక్కితే చెవుడు రావచ్చు, కాళ్లూ చేతులూ స్వాధీనం తప్పవచ్చు, బిడ్డ చనిపోనూవచ్చు. ఇంత ప్రమాదం ఒక చిన్న తెల్లని ఉండతో!

ఉతికితే పోతుంది కదా అనుకోవద్దు. నాఫ్తలీన్ నీళ్లలో కరిగేది కాదు. అలాంటి గుడ్డ బిడ్డకు వాడకపోవడమే మేలు. వేరే గుడ్డ దొరకని పక్షంలో కొన్ని రోజులపాటు ఎండలో, గాలిలో వేసి, ఉతికి, మళ్లీ ఎండవేసి, ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి. ఏమాత్రం వాసన ఉన్నా వాడవద్దు. బిడ్డ మూటను ఆ పెట్టెలో ఎప్పుడూ ఉంచకండి. పురుగు భయం ఉంటే ఎండిన వేపాకు గుడ్డలో కట్టి పెట్టెలో ఒక మూల పెట్టండి. తరువాతి బిడ్డ కోసమని బట్టలు దాచేవారికీ ఇదే మాట.

మరొక సంగతి. బారసాల నాడు అమ్మ పట్టుచీర పెట్టెలోంచి తీసి కట్టుకుంటుంది. అమ్మమ్మ, నాయనమ్మ, మేనత్త కూడా అంతే. ఆ చీర ఒడిలోనే గదా బిడ్డ గంటల తరబడి ఉండేది! అందుకని ఆ చీరలను కూడా నాలుగు రోజుల ముందే బయటికి తీసి గాలికి ఆరవెయ్యండి.

తండ్రులకు ఒక మాట

పొలంలో పత్తికో, మిరపకో పురుగుమందు కొట్టి వచ్చిన బట్టలు ఇంట్లో ఎక్కడ పడవేస్తున్నారు? చాలా ఇళ్లల్లో అవి కూడా ఇంటి బట్టల తొట్టిలోకే పోతున్నాయి. ఆ మందు బిడ్డ గోచీ గుడ్డకు అంటుకుంటుంది. మందు కొట్టిన బట్టలు విడిగా, వేరే బకెట్టులో, చివర్లో ఉతకాలి. ఆ పని గర్భిణీ స్త్రీ చెయ్యకూడదు. మందు కలిపిన బకెట్టు ఇంటి అవసరాలకు మళ్లీ వాడకూడదు. మందు సంచి, ఎరువు సంచి బిడ్డ పక్క కింద పరచకూడదు. మందు కొట్టి వచ్చిన రోజున స్నానం చేసి, బట్టలు మార్చుకున్నాకే బిడ్డను ఎత్తుకోండి.

ఇంకొక మాట కూడా చెప్పనివ్వండి. నిండు నెలల్లో ఉన్న మనిషి బిందెలు మొయ్యడం, తడి బరువులు పిండడం మంచిది కాదు. నీళ్లు తోడి పెట్టడం, పొయ్యి రగిలించడం, దండెం కట్టడం మీరు చెయ్యండి. వీలైతే ఉతకడం కూడా. నలుగురూ ఏమనుకుంటారో అని బిడియపడకండి. మీ బిడ్డకు మీరు చేసే తొలి సేవ ఇదే.

బిడ్డ పుట్టిన గడియలో

ఉతికిన గుడ్డల విలువ అసలు తెలిసేది అప్పుడే. బిడ్డ తడి ఒంటితో పుడుతుంది. మొదటి గుడ్డతో ఒళ్లంతా తుడుస్తారు. ఆ గుడ్డ తడిసిపోతుంది, దాన్ని తీసెయ్యాలి. బిడ్డను తల్లి రొమ్ము మీద ఒంటికి ఒళ్లు తగిలేలా పడుకోబెట్టి, పైన పొడిగా ఉన్న రెండో గుడ్డ కప్పాలి. తలకు కుల్లాయి పెట్టాలి. అందుకే ఒక గుడ్డ చాలదు. మనకు ఒక చొక్కా సరిపోయే వాతావరణంలో పసిబిడ్డకు ఒకటి రెండు పొరలు ఎక్కువ కావాలి. ఎండాకాలంలో మాత్రం చెమట పట్టేలా బిగించి చుట్టకండి. పుట్టిన వెంటనే స్నానం చేయించకండి, 24 గంటలైనా ఆగాలి.

గోచీ గుడ్డ బొడ్డుకు కిందగా కట్టండి. బొడ్డు మీద బూడిద, పసుపు, పేడ ఏదీ పెట్టవద్దు. పొడిగా, శుభ్రంగా వదిలెయ్యండి. ఒకప్పుడు మురికి కత్తి, మురికి గుడ్డ, బొడ్డు మీద పెట్టిన మందుల వల్ల ధనుర్వాతం వచ్చి ఎంతోమంది పసిబిడ్డలు చనిపోయేవారు. గర్భిణులకు టీకాలు, శుభ్రమైన కాన్పులు పెరిగిన తరువాత, 2015లో మన దేశం బాలింతలకూ పసిబిడ్డలకూ వచ్చే ధనుర్వాతాన్ని అదుపులోకి తెచ్చిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. శుభ్రత వల్ల ఎంత మేలు జరుగుతుందో ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? ఆ మేలును నిలుపుకోవడం మన చేతుల్లో ఉంది.

ఈ గుర్తులు కనిపిస్తే ఆలస్యం చెయ్యకండి

పుట్టిన మొదటి రోజునే బిడ్డ పసుపుపచ్చగా కనిపించినా, అరచేతులూ అరికాళ్లూ పసుపెక్కినా, ఒంటి మీద చీము పొక్కులు లేచినా, బొడ్డు చుట్టూ ఎర్రబారినా, కాళ్లు చల్లబడినా, పాలు తాగడం మానేసినా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి. ఆకుపసర్ల కోసం, తాయెత్తుల కోసం తిరుగుతూ పొద్దు గడపవద్దు. మామూలు దద్దుర్లేనా కాదా అనే సందేహం వస్తే ఆశా కార్యకర్తకో, ఏ.ఎన్.ఎం.కో చూపించండి.

చివరగా

చెప్పినదంతా మరొకసారి నెమరు వేసుకుందాం. ఏడో నెల దాటగానే గుడ్డలు తియ్యండి. కొత్తదైనా పాతదైనా ఉతకండి. సబ్బు పూర్తిగా పోయేదాకా జాడించండి. దండెం మీద, ఎండలో ఆరవెయ్యండి. కలరా ఉండలు దగ్గరికి రానివ్వకండి. పురుగుమందు బట్టలు కలపకండి. ఆరిన గుడ్డలను ఉతికిన సంచిలోనో, శుభ్రమైన దిండు గలీబులోనో మూట కట్టి, ఆసుపత్రి కాగితాలతోపాటు ఇంట్లో అందరికీ తెలిసిన చోట పెట్టండి. ఏ వేళ నొప్పులు వచ్చినా ఆ మూట అందుకుని బయలుదేరవచ్చు.

మన బిడ్డకు మనం బంగారం పెట్టగలమో లేదో గాని, శుభ్రమైన గుడ్డ పెట్టగలం. ఈ పని ఈ వారంలోనే చెయ్యండి. మీ పక్కింటి గర్భిణికి కూడా చెప్పండి.

తల్లీబిడ్డలు చల్లగా ఉండాలని కోరుకుంటూ, సెలవు.